ముప్పై ఏళ్ల కాపురంలో మాట ఎక్కడ ఆగిపోయింది: నా అనుభవం

2024 ఫిబ్రవరి 9, శుక్రవారం. రాత్రి పది దాటింది. మా ఆయన వంటింట్లో సింకు దగ్గర నిలబడి గ్లాసు కడుగుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి, ఆయన వీపు వైపు చూస్తూ, మూడు నెలలుగా లోపల నలుగుతున్న మాట పైకి అనేశాను. "నావల్ల కావట్లేదండీ. కొన్నాళ్లు విడిగా ఉందామనుకుంటున్నాను."

"సరే" అన్నారు. కుళాయి కట్టలేదు, వెనక్కి తిరగలేదు. కాసేపటికి గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుని, లైటు ఆర్పి తన గదిలోకి వెళ్లిపోయారు.

ఆ మే నెలకి మా పెళ్లయి ముప్పై ఏళ్లు. నాకు యాభై నాలుగు, ఆయనకి యాభై తొమ్మిది. నన్ను ఇంత తేలిగ్గా వదిలేసుకుంటారా అని ఆ రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నాను. ఆ "సరే" వెనక ఏముందో తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లోనూ, ఆ తర్వాతా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇప్పుడు అలాంటి గుమ్మంలో నిలబడి ఉన్నవాళ్లెవరైనా చదువుతారేమోనని.

ముందు దూరం ఎలా వచ్చిందో చెప్పాలి. మా మధ్య పెద్ద గొడవంటూ ఏదీ లేదు. ఆయనకి చెడు అలవాట్లు లేవు, ఇంకో మనిషి లేదు. 2018లో అమ్మాయి, 2020 డిసెంబరులో అబ్బాయి ఉద్యోగాలకి వెళ్లిపోయారు. పిల్లలున్నన్నాళ్లూ మా మాటలన్నీ వాళ్ల గురించే. ఫీజులు, పరీక్షలు, జ్వరాలు, వాళ్లు రాత్రి ఇంటికి రావడం ఆలస్యమైతే టెన్షన్. వాళ్లు వెళ్లాక ఇంట్లో ఇద్దరం మిగిలాం గానీ, మాట్లాడుకోవడానికి మా ఇద్దరి విషయం అంటూ ఏమీ మిగల్లేదు.

2021 ఏప్రిల్లో నేను అబ్బాయి గదిలోకి మారాను. అప్పటికి నాకు నెలసరి ఆగిపోయే దశ. అర్ధరాత్రి ఒళ్లంతా సెగలు పుట్టి, చెమటతో దిండు తడిసిపోయేది. పక్కన ఆయన గురక. రెండు రోజులు నిద్ర సరిపెట్టుకుని వచ్చేస్తానన్నాను. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజులు రెండు వారాలయ్యాయి, తర్వాత నా కళ్లజోడు, నా పుస్తకాలు, నా దుప్పటి ఒక్కొక్కటే ఆ గదికి చేరాయి. ఎవరం నిర్ణయించుకోలేదు. రమ్మని ఆయన అడగలేదు, వస్తానని నేను అనలేదు. ఇద్దరం ఎదుటివాళ్లకి అదే ఇష్టమనుకున్నాం.

ఆ తర్వాత మాటలు తగ్గాయి. నేను ఏదో చెప్తాను, ఆయన జవాబివ్వరు. లేకపోతే "ఏంటి?" అంటారు. రెండోసారి చెప్తాను. మళ్లీ "ఏంటి?" అంటే ఒళ్లు మండేది. "ఏం లేదులెండి" అని వదిలేసేదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, తిని, గదిలోకి వెళ్లి ఫోను చూసుకుంటూ పడుకునేవారు. నలుగురు కలిసే చోటికి రమ్మంటే తలనొప్పి అనేవారు. నావైపు బంధువులంటే ఇష్టం లేదనుకున్నాను. పిల్లలు ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి "అమ్మకిస్తున్నా" అని నా చేతిలో పెట్టేవారు. పిల్లల మీద కూడా ప్రేమ పోయిందనుకున్నాను.

2023 నవంబరులో ఒక ఆదివారం, పొద్దున్నుంచి రాత్రి దాకా మేం మాట్లాడుకున్న వాక్యాలు లెక్కపెట్టాను. పదకొండు. అందులో తలుపు గురించి రెండు, కరెంటు బిల్లు గురించి మూడు, ఆయన బీపీ మాత్రల గురించి ఒకటి. మిగతావి గుర్తులేవు. ఆ రాత్రే విడిగా ఉండాలన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. దాన్ని మూడు నెలలు మోసి, ఫిబ్రవరిలో గుమ్మంలో నిలబడి చెప్పాను.

"సరే" అన్నాక నేననుకున్నది ఏదీ జరగలేదు. మర్నాడు పొద్దున ఆయన మామూలుగా లేచి, మామూలుగా ఆఫీసుకి వెళ్లారు. సాయంత్రం వచ్చి "నీళ్ల మోటారు వేశావా?" అని అడిగారు. దాని గురించి మాట్లాడతారేమోనని ఇరవై మూడు రోజులు చూశాను. ఆయన నోరు విప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు, అభిమానం అడ్డొచ్చింది. అమ్మాయికి ఫోన్‌లో చెప్తే "ఈ వయసులో ఏంటమ్మా ఇది?" అని ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఒకసారి కౌన్సెలర్‌ని కలవమని బతిమాలింది. దాని మాట కాదనలేక మార్చి 4న ఫోన్ చేశాను.

మొదటి ఖాళీ మూడు వారాల తర్వాతే దొరికింది, మార్చి 26న. ఆ మూడు వారాల్లో నాలుగుసార్లు రద్దు చేసుకుందామనుకున్నాను. ఎవరో తెలియని మనిషి ముందు కూర్చుని మా ఇంటి గుట్టు విప్పాలంటే కాళ్లు వణికాయి. వెళ్లాక తెలిసింది ఏంటంటే, వాళ్లు గుట్టు అడగరు. చాలా చిన్న విషయాలు అడుగుతారు. ఉదయం ముందు ఎవరు లేస్తారు, తినేటప్పుడు ఎటు తిరిగి కూర్చుంటారు, చివరిసారి ఇద్దరూ కలిసి నవ్వింది ఎప్పుడు. ఆ ఆఖరిదానికి నేను చాలాసేపు ఆలోచించి, జవాబు దొరక్క ఏడ్చేశాను. యాభై నిమిషాల సెషన్‌లో పావు వంతు ఏడుపుకే పోయింది. కౌన్సెలర్ తొందరపెట్టలేదు.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడి మాట ఒకటి ఆవిడ అప్పుడే చెప్పారు. భార్యాభర్తలు రోజంతా ఒకరినొకరు చిన్నచిన్న మాటలతో పిలుచుకుంటూ ఉంటారట. "ఇవాళ ఎండ చూశారా", "ఈ ఫొటో చూడు" లాంటివి. మాట ఏదైనా, దాని లోపల ఉన్నది "నావైపు ఒకసారి చూడు" అనేదే. ఎదుటివాళ్లు ఆ పిలుపుకి ఇటు తిరుగుతారా, అటు తిరుగుతారా అన్నదాని మీద కాపురం చాలా వరకు నిలబడుతుందట. నా మనసులో ఉన్నది ఎవరో రాసిపెట్టినట్టనిపించింది. మా ఆయన ఏళ్ల తరబడి అటు తిరిగిపోయిన మనిషి అని తీర్పు చెప్పుకుని ఇంటికి వచ్చాను.

రెండోసారి ఇద్దరం కలిసి రావాలన్నారు. ఆయన్ని ఒప్పించడానికి నెల పట్టింది. మొదట "మనకేం రోగం?" అన్నారు. తర్వాత ఏమీ అనకుండా ఉండిపోయారు. చివరికి నేను కాగితం మీద రాసి ఆయన దిండు మీద పెట్టాను: "మీరు రాకపోయినా నేను వెళ్తాను. వస్తే బాగుంటుంది." పొద్దున ఆ కాగితం కిందే "ఎన్నింటికి?" అని రాసి ఉంది. అన్నేళ్ల తర్వాత ఒక ప్రశ్నకి సూటిగా జవాబొచ్చింది. రాస్తే జవాబు వచ్చిందని అప్పుడు నాకు తట్టలేదు. తట్టాల్సింది.

ఏప్రిల్ 30న ఇద్దరం వెళ్లాం. ఆ గదిలో జరిగిన ఒక విషయం నా కళ్లకి కట్టినట్టు ఉంది. కౌన్సెలర్ గొంతు మెత్తన. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ మా ఆయన ఆవిడ కళ్లవైపు కాదు, నోటివైపు చూస్తున్నారు. ముందుకి వంగి, కనుబొమలు ముడిచి, పరీక్ష రాసే పిల్లాడిలా. ఒకసారి ఆవిడ తల వంచి నోట్స్ రాసుకుంటూ, "ఇంట్లో మీకు ఎప్పుడు ప్రశాంతంగా ఉంటుంది?" అని అడిగారు. మా ఆయన "తొంభై నాలుగు, మే" అన్నారు. పెళ్లెప్పుడయిందని అడిగారనుకున్నారు.

ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు. తల ఎత్తి, ఆయన ముఖంలోకి చూస్తూ, కాస్త నెమ్మదిగా అదే ప్రశ్న మళ్లీ అడిగారు. ఈసారి సరైన జవాబు వచ్చింది. "ఇంట్లో ఎవరూ లేనప్పుడు." నాకది చెంపదెబ్బలా తగిలింది. ఆవిడ మాత్రం వేరే దారిలో వెళ్లారు. "ఎందుకని?" అంటే ఆయన అన్నారు, "అప్పుడు జాగ్రత్తగా ఉండక్కర్లేదు కదండీ."

సెషన్ అయ్యాక ఆవిడ, తర్వాతి సెషన్‌కి ముందు ఆయన వినికిడి పరీక్ష చేయించుకుంటే మంచిదన్నారు. మా ఆయనకి కోపం వచ్చింది. దారంతా "నాకు బాగానే వినపడుతుంది, మీరే నోట్లో నోట్లో మాట్లాడతారు" అన్నారు. నాకూ నమ్మకం కలగలేదు. టీవీ వింటారు, హారన్ వింటారు, వాళ్ల తమ్ముడు ఫోన్ చేస్తే బాగానే మాట్లాడతారు. వినదలచుకోనిది ఒక్క నా మాటే అనుకున్నాను. ఈ వాదనలోనే ఆరు వారాలు గడిచాయి.

జూన్ 11న వెళ్లాం. ముందు ఈఎన్‌టీ డాక్టర్ చెవిలో గుబిలి ఉందేమో చూశారు. లేదు. తర్వాత చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అద్దంలోంచి నాకు ఆయన కనిపిస్తున్నారు. వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్ట్ అమ్మాయి కూత పెడుతోందని ఆమె చేతి కదలికలో నాకు తెలుస్తోంది. ఆయన వేలు బటన్ మీద ఉంది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. ఒకటి, రెండు, మూడు కూతలు. వేలు కదల్లేదు. ఆ కదలని వేలుని చూస్తుంటే నా కడుపులో ఏదో తిరిగిపోయింది. ఆయన వినాలని అంత ప్రయత్నం చేయడం నేనెప్పుడూ చూడలేదు. చూసే చోట నేనెప్పుడూ నిలబడలేదు.

తర్వాత మాటల పరీక్ష. నోరు కనిపించకుండా కాగితం అడ్డం పెట్టుకుని ఆ అమ్మాయి మాటలు చదివింది. "తల" అంటే ఆయన "కల" అన్నారు. "కోట" అంటే "తోట" అన్నారు. ఒకదానికి ఏమీ అనకుండా నవ్వి తల ఊపారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఇంట్లో రోజూ చూసే నవ్వే. దాన్ని నేను నిర్లక్ష్యం అనుకునేదాన్ని.

గ్రాఫు చేతికిచ్చారు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. బరువైన శబ్దాల దగ్గర రెండు గీతలూ బాగానే ఉన్నాయి. సన్నని శబ్దాల వైపు, 2000 హెర్ట్జ్ దాటాక, మెట్లు దిగినట్టు కిందికి జారిపోయాయి. 4000 దగ్గర 65 డెసిబెల్స్, అంటే అంత గట్టిగా ఉంటే గానీ ఆ శబ్దం ఆయనకి వినపడదు. ఆడియాలజిస్ట్ వివరించింది. అచ్చులు బరువైన శబ్దాలు, అవి వినపడతాయి. క, త, ప, స లాంటి హల్లులు సన్నని శబ్దాలు, ముందు పోయేవి అవే. అందుకే ఎవరో మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. మగవాళ్ల గొంతు కన్నా ఆడవాళ్ల గొంతు కష్టం. నీళ్ల చప్పుడు, ఫ్యాను చప్పుడు ఉంటే మరీ కష్టం. వెనక నుంచి, పక్క గదిలోంచి చెప్తే అసలు అందదు. వయసుతో వచ్చేది ఏళ్ల మీద కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి ఆ మనిషికే తెలియదు, ఎదుటివాళ్లు గొణుగుతున్నారనిపిస్తుంది. పైగా ఆయన ఇరవై ఏళ్లకి పైగా యంత్రాల మధ్య పనిచేశారు, దాని దెబ్బ కూడా ఉందంది. ఆ రాత్రి నేను వెతికి చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై దాటినవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బంది పెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉంటుంది. అంటే ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు, మగవాళ్లు నాలాగా దాన్ని మనసు విరిగిపోవడం అనుకుంటున్నారో.

బయటికి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి నాతో ఒక మాట అంది. "అమ్మా, మాట్లాడే ముందు ఆయన భుజం మీద చెయ్యి వేయండి. ఇటు తిరిగాక మొదలుపెట్టండి." చాలా మామూలుగా చెప్పింది. ఇంటికి వచ్చాక సాయంత్రం ఏదో చెప్పాల్సి వచ్చి ఆయన వెనక్కి వెళ్లి నిలబడ్డాను. చెయ్యి ఎత్తాను. భుజానికి జానెడు దూరంలో ఆగిపోయింది. ఈ మనిషిని నేను చివరిసారి ఎప్పుడు తాకాను? ఏడాదా? రెండేళ్లా? ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి భుజం మీద చెయ్యి వేయడానికి నాకు సిగ్గేసింది. వేశాను. ఆయన ఉలిక్కిపడి తిరిగారు. నా ముఖంలోకి చూసి, "ఏమైంది?" అన్నారు కంగారుగా. ఏదో జరగరానిది జరిగితే తప్ప నేను తాకనని ఆయన కూడా అనుకునేటంత దూరం వచ్చేశాం.

చెవి మిషన్లకి ఖర్చు బాగానే అయింది. ఇంటికి రంగులు వేయించడానికి దాచిన డబ్బంతా దానికే పోయింది. ఒక్క చెవికి సరిపోతుందనుకుని వెళ్లాం, రెండు చెవులకీ పెట్టుకోవాలన్నారు. మిషన్ల ఖరీదుతో అయిపోదు, చెవిలో దూర్చే రబ్బరు మొనలు, గుబిలి అడ్డుకునే చిన్న జాలీలు మార్చుకుంటూ ఉండాలి. కొనే ముందు ట్రయల్ ఇస్తారా, సెట్టింగ్ మార్చడానికి ఎన్నిసార్లు రానిస్తారు అన్నది తప్పకుండా అడగండి. మేం అడగలేదు. అదృష్టం కొద్దీ మా వాళ్లు విసుక్కోకుండా నాలుగుసార్లు మార్చి ఇచ్చారు.

జులై 2న పెట్టారు. పెట్టగానే అంతా బాగైపోతుందనుకున్నాం. మొదటిరోజు ఆయన రెండు గంటల్లో తీసి బల్ల మీద పెట్టేశారు. పేపరు మడిస్తే మోత, చెప్పుల చప్పుడు మోత, తన గొంతు డబ్బాలో నుంచి వస్తున్నట్టు ఉందన్నారు. అన్నేళ్లు వినని శబ్దాలకి మెదడు మళ్లీ అలవాటు పడాలట, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందట. అందుకే మొదట తక్కువ మీద పెట్టి మెల్లిగా పెంచుతారు. రోజుకి రెండు గంటలు, తర్వాత నాలుగు, ఆగస్టు వచ్చేసరికి రోజంతా.

జులై 16న మూడో సెషన్. అప్పుడు కౌన్సెలర్, ఫిబ్రవరిలో అన్న మాట ఆయన వైపు తిరిగి మళ్లీ చెప్పమన్నారు. నాకు గొంతు పెగల్లేదు. చివరికి చెప్పాను. "విడిగా ఉందామన్నాను. మీరు సరే అన్నారు."

ఆయన ముఖం పాలిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు. "నాకేం వినపడలేదు" అన్నారు. "నీళ్ల చప్పుడులో నువ్వు వెనక ఏదో అంటున్నట్టు తెలిసింది. మళ్లీ అడిగితే ఏం లేదులెండి అంటావని, విసుక్కుంటావని, సరే అనేశాను. ఏదైనా సరే అంటే సరిపోతుంది కదా అని."

ఏం లేదులెండి. నా మాటే. ఎన్ని వందలసార్లు అన్నానో. ఆయన "ఏంటి?" అని ఇటు తిరిగిన ప్రతిసారీ నేను ఆ రెండు ముక్కలతో తలుపు వేసేశాను. గాట్‌మన్ మాట విన్నరోజు అటు తిరిగిపోయింది ఆయనే అనుకున్నాను. ఆయన ఏళ్ల పాటు ఇటే తిరుగుతూ ఉన్నారు, నేనే మూసేశాను. అయితే నేను పడిన ఒంటరితనం కూడా అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం తట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇక్కడితో కథ సుఖాంతం అయిపోయిందని అనుకోకండి. అన్నిటికన్నా కష్టమైన నెల ఆ తర్వాతే వచ్చింది. ఆగస్టులో ఆయనకి అన్నీ వినపడటం మొదలైంది. మాకు మాత్రం మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఇన్నాళ్లూ నెపం చెవుల మీద పెట్టుకున్నాం. ఇప్పుడు చెవులు పనిచేస్తున్నాయి, ఎదురెదురుగా కూర్చున్నాం, గోడ గడియారం చప్పుడు ఇద్దరికీ వినపడుతోంది. ఒకరోజు ఆయన అన్నారు, "నీ నిట్టూర్పులు కూడా వినపడుతున్నాయి ఇప్పుడు. రోజుకి ఎన్నో." ఆ రోజు పెద్ద గొడవైంది. పదేళ్లలో అంత గట్టిగా అరుచుకున్నది లేదు. నాకు భయమేసి కౌన్సెలర్‌కి ఫోన్ చేశాను.

ఆవిడ పని చేసే పద్ధతి 1980ల్లో సూ జాన్సన్, లెస్ గ్రీన్‌బర్గ్ అనేవాళ్లు రూపొందించినదట. దాని ప్రకారం, మాలాంటి జంటల్లో ఒకరు మాట కోసం వెంటపడుతుంటే ఇంకొకరు వెనక్కి పోతుంటారు. వెంటపడేవాళ్లకి ఎదుటివాళ్లు రాయిలా కనిపిస్తారు, వెనక్కి పోయేవాళ్లకి ఎదుటివాళ్లు ఎప్పుడూ తప్పులు పట్టేవాళ్లలా కనిపిస్తారు. ఎవరు ముందు మొదలుపెట్టారన్నది తేలదు. కొన్నాళ్లకి వెంటపడేవాళ్లు అలిసిపోయి ఆగిపోతారు. అప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా అయిపోతుంది, అందరూ దాన్ని ప్రశాంతత అనుకుంటారు. నేను అలా ఆగిపోయిన మనిషిని.

ఆవిడ మాకు రోజుకి ఇరవై నిమిషాలు పెట్టారు. బిల్లులు, పిల్లలు, మందులు, ఈ మూడింటి గురించి తప్ప ఏదైనా మాట్లాడుకోవాలి. మొదటిరోజు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. రెండో రోజు ఆరు. కొన్ని రోజులు మాటల్లేక ఊరికే కూర్చున్నాం. పన్నెండో రోజో పదమూడో రోజో, ఆయన కిటికీ వైపు చూస్తూ, 2022లో తనకి ఆఫీసులో పని మారిన సంగతి చెప్పారు. అప్పట్లో తనకే ఇష్టమై తేలిక పని తీసుకున్నానన్నారు. నేను బద్ధకం అనుకున్నాను, ఒకటి రెండు సార్లు అన్నాను కూడా. అసలు జరిగింది వేరు. మీటింగుల్లో ఎవరేమంటున్నారో అందేది కాదట. ఒకసారి అడిగినదానికి సంబంధం లేని జవాబిస్తే కుర్రాళ్లు నవ్వారట. ఇంకోసారి అలా కాకముందే తనే తప్పుకున్నారు. రెండేళ్లు దాన్ని ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వినీ వినీ, ఊహించీ ఊహించీ తల పగిలిపోయేదట. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నది అందుకు.

ఆ రోజు ఇరవై నిమిషాలు దాటిపోయి గంటన్నర అయింది.

నా సంగతీ ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. కౌన్సెలర్ నా నిద్ర గురించి అడిగి గైనకాలజిస్ట్ దగ్గరికి పంపారు. సెప్టెంబరులో వెళ్లాను. మెనోపాజ్ సెగలు ఏ ఆరు నెలలో ఉండి పోతాయని అనుకునేదాన్ని. చాలామందికి ఏడేళ్ల దాకా ఉంటాయని డాక్టర్ చెప్పారు. థైరాయిడ్ చూశారు, బీపీ చూశారు, మా ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఎవరికైనా ఉందా అని అడిగారు, ఆ తర్వాతే హార్మోన్ మందు మొదలుపెట్టారు. ఐదు వారాలకి రాత్రిళ్లు నిద్ర పట్టడం మొదలైంది. మూడేళ్లుగా నేను నిద్రలేని మనిషిగా మాట్లాడుతున్నానని, ఆ చిరాకంతా ఆ "ఏం లేదులెండి"లోకి వెళ్తోందని అప్పుడు అర్థమైంది. ముందే వెళ్లి ఉండాల్సింది. ఇది మాత్రం ఎవరికైనా గట్టిగా చెప్తాను.

ఆయన గురకకి కూడా అక్టోబరులో నిద్ర పరీక్ష చేయించాం. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది, రాత్రికి ముక్కుకి మాస్కు పెట్టే మిషన్ ఇచ్చారు.

మొత్తం పదకొండు సెషన్లు, జులై నుంచి రెండు మూడు వారాలకొకటి. 2024 డిసెంబరుతో ఆపేశాం, అవసరమైతే మళ్లీ వెళ్తాం. ఈ లోపల ఇంట్లో కొన్ని మారాయి. పక్క గదిలోంచి ఒకరినొకరు పిలుచుకోవడం మానేశాం, చెప్పాల్సినది ఉంటే లేచి వెళ్తాం. రోజులో ఎన్నిసార్లు లేవాలో మొదటి వారంలో మోకాళ్లకి తెలిసింది. మాట అందకపోతే ఆయన సరే అనరు, "వినపడలేదు" అంటారు. ఆ మాట పైకి అనడం ఆయనకి ఎంత కష్టమో చూశాను కాబట్టి, నేను మళ్లీ మొదటి నుంచి చెప్తాను. విసుగు రాదా అంటే వస్తుంది. ఒకటి రెండు సార్లు పాత మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఒకసారి జారింది కూడా. ఆయన నావైపే చూస్తూ ఎదురుచూశారు, చెప్పాను.

అబ్బాయి ఫోన్ చేస్తే ఇప్పుడు వీడియోలో మాట్లాడతారు, పెదాలు కనిపిస్తాయని. వాడు మొన్న నాతో అన్నాడు, "నాన్నకి నేనంటే పడదనుకున్నానమ్మా ఇన్నాళ్లూ." వాడు కూడా.

మేం ఇప్పటికీ వేరే గదుల్లోనే పడుకుంటాం. దీని గురించి మాట్లాడుకున్నాం. ఆయన మాస్కు, నా చెమటలు, మంచి నిద్ర ఇద్దరికీ కావాలి. ఈసారి ఇది మేం నోరు తెరిచి అనుకున్న నిర్ణయం. వెనక్కి వెళ్తామేమో, వెళ్లమేమో. ముప్పై ఏళ్లలో పోగైనది అంతా తేలలేదు. కొన్ని విషయాల దగ్గరికి ఇంకా ఇద్దరం వెళ్లలేదు, వెళ్లడానికి ధైర్యం చాలక.

రాత్రి పడుకునే ముందు ఆయన చెవి మిషన్లు తీసి చిన్న డబ్బాలో పెట్టి చార్జింగ్‌లో పెడతారు. అవి తీసేశాక నా మాట ఆయనకి అందదు. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు తీసేసేవారు. ఎప్పటి నుంచో గుర్తులేదు గానీ, ఇప్పుడు నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడతారు. కుడి చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి, ఆగి, అడుగుతారు.

"తీసేయనా?"

చాలా రాత్రులు "తీసేయండి" అంటాను. కొన్ని రాత్రులు "ఆగండి" అని పక్కన చోటు ఇస్తాను.